లెక్క ఎవరి చేతిలో ఉంది?
(ఒంగోలులో పాస్టర్లు, సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పొద్దున టీ దగ్గర ఒక పెద్ద అయ్యగారు నా చెయ్యి పట్టుకుని అడిగారు. "బాబూ, నువ్వు బ్యాంకులో చేసి వచ్చావంట కదా. సంఘాన్ని కూడా కంపెనీలాగా నడపమంటావా?" అని. నలభై ఏళ్లు పల్లెల్లో పరిచర్య చేసిన మనిషి ఆయన. ఆ ప్రశ్నలో భయం ఉంది, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకని నేను రాసుకొచ్చిన మొదటి పేజీ పక్కన పెట్టి ఆయన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు ఉద్యోగం చేశాను. అందులో ఎక్కువ కాలం ఈ జిల్లా పల్లెల్లోని బ్రాంచీల్లోనే. మా సంఘానికి పదహారేళ్లుగా కోశాధికారిని. బ్యాంకులో నేర్చుకున్నవాటిలో కొన్ని సంఘానికి ఎంతో పనికొచ్చాయి. కొన్ని తెచ్చిపెట్టి నేను సంఘానికి హాని చేశాను. ఆ రెండూ చెబుతాను. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఉన్నది అంతా లోకసంబంధమని తోసేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. అంతా తెచ్చి ఆరాధనలో కలిపేసేవాళ్లతో అంతకంటే పెద్ద పేచీ ఉంది.

ముందు లేఖనంలోకి వెళ్దాం. పనంతా ఒక్కడివే మొయ్యకు, పంచిపెట్టు అని మామ యిత్రో మోషేకు చెప్పిన సలహా ఇలాంటి ప్రతి సదస్సులోనూ వింటాం కాబట్టి దాన్ని ఇవాళ వదిలేస్తాను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. యెరూషలేములో శిష్యుల సంఖ్య పెరుగుతోంది. అప్పుడు సణుగు పుట్టింది. గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రను రోజువారీ పంపకంలో పట్టించుకోవడం లేదని. గమనించండి, అది సిద్ధాంతం మీద వచ్చిన తగాదా కాదు, ఎవరి వాక్యం గొప్పదన్న పోటీ కూడా కాదు. తిండి పంపకం దగ్గర వచ్చిన తగాదా. సంఘాలు చీలేది చాలాసార్లు ఇలాంటి చోటనే.

అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ పేర్లు మనం గబగబా చదివేస్తాం. ఇవాళ నిదానంగా చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, అంతియొకయవాడైన నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అందుకే ఆ ఏడుగురినీ సణిగినవాళ్ల వైపు నుంచే ఎన్నుకున్నారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. మాకు అన్యాయం జరిగిందని ఎవరు అన్నారో వాళ్ల చేతికే గిన్నె, గరిటె, జాబితా అప్పజెప్పారు.

బ్యాంకులో ఖాతాదారుడు ఫిర్యాదు చేస్తే రిజిస్టరులో రాయించి, సంతకం పెట్టించి, పైవాళ్లకు పంపేవాళ్లం. అతని చేతికి తాళం ఇచ్చింది మాత్రం ఎన్నడూ లేదు. అంటే వ్యాపార లోకం ఇంకా అందుకోలేని చోట ఆ సంఘం నిలబడింది. నేను చాలా ఏళ్ల తర్వాత దీన్ని మా దగ్గర చేసి చూశాను. ఒక ఏడాది పంట పండుగ కానుకల మీద మా సంఘంలో మాటామాటా వచ్చింది. వెనక వరసల్లో కూర్చునే అక్కలు ముగ్గురు గట్టిగా అడిగారు, వచ్చిన ధాన్యం ఎంతకు అమ్మారు, ఎవరికి అమ్మారు అని. పెద్దల్లో కొందరికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఆ కోపం చల్లారడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడు ఆ ముగ్గురినే కానుకలు లెక్కపెట్టడానికి కూర్చోమన్నాం. ఆరాధన అయిన వెంటనే, అందరూ వెళ్లకముందే, బల్ల మీద పోసి, ఏ నోట్లు ఎన్నో రాసి, ఇద్దరు సంతకం పెట్టి, సోమవారం బ్యాంకులో కట్టడం. కానుకలు పెరిగాయా అని అడుగుతారు. మొదటి ఏడాది పెరగలేదు. సణుగు ఆగింది. తర్వాత కమిటీ కూర్చున్నప్పుడు డబ్బు గురించి కాకుండా మనుషుల గురించి మాట్లాడుకోగలిగాం.

ఇప్పుడు నేను చేసిన హాని చెబుతాను.

బ్యాంకు వాళ్లకు మార్చి నెలాఖరు అంటే ఏమిటో తెలుసు. డిపాజిట్ల టార్గెట్ ఉంటుంది. మార్చి 31న తెలిసినవాళ్లను బతిమాలి డబ్బు వేయిస్తారు. ఏప్రిల్ మొదటి వారంలో అది వెళ్లిపోతుంది. కాగితం మీద బ్రాంచి పెరిగినట్టు ఉంటుంది. ఇది తెలిసి కూడా నేను సంఘంలో టార్గెట్లు పెట్టించాను. మా సంఘం కింద చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థనా స్థలాలు ఉన్నాయి. ఒక్కో పల్లెకు ఏడాదికి ఇన్ని బాప్తిస్మాలు అని పట్టిక తయారు చేశాను. గోడకు అంటించాం. రెండో ఏడాది అంకెలు బాగా వచ్చాయి. మూడో ఏడాది తెలిసింది, ఒక సహోదరుడు వేరే సంఘంలో ఇంతకుముందే బాప్తిస్మం పొందినవాళ్లకు మళ్లీ ఇచ్చి లెక్క చూపిస్తున్నాడని. అతన్ని నేను తప్పుపట్టలేను. చిన్న జీతం, ముగ్గురు పిల్లలు, గోడ మీద పట్టిక. ఆ పట్టిక పెట్టింది నేను. అతన్ని అబద్ధంలోకి నెట్టింది నేను. ఈ మాట అతనితో చెప్పి క్షమాపణ అడిగాను, ఇవాళ మీ ముందు కూడా చెబుతున్నాను.

సంఖ్య పెరగడం చెడ్డదని నేను అనడం లేదు. అపొస్తలుల కార్యముల్లోనే మూడువేలు, ఐదువేలు అని లెక్కలున్నాయి. ఏది లెక్కపెట్టాలి, ఎప్పుడు లెక్కపెట్టకుండా ఆగాలి అన్నది తెలియాలి. వ్యూహం అనే మాటకు నాకు తెలిసిన అసలు అర్థం అదే. ఏం చేయాలో రాసుకోవడం అందరికీ వచ్చు. ఏది చేయకూడదో, చేతికందిన దేన్ని వదిలేయాలో తేల్చుకోవడం కష్టం. దీనికి మనం అమెరికా దాకా వెళ్లనక్కరలేదు. ఈ ఒంగోలులోనే ఉంది సాక్ష్యం.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఇక్కడికి వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టాడు. తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ సోదరులు ముందు నిలబడి పల్లెపల్లెకూ వార్త తీసుకువెళ్లారు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి పేరయ్య. ఏ ఊళ్లో ఎవరు చుట్టమో, ఎవరి మాట చెల్లుతుందో ఆయనకు తెలుసు. దొర ఎంత తిరిగినా ఆ తెలివిడి దొరకు రాదు. దొర తెలివి ఏమిటంటే, ఆ సంగతి గుర్తించడం. బోధకులు పల్లెల్లో పనిచేసి మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడేవాళ్లు. ఎక్కడ ఏం జరిగిందో చెప్పుకుని, నేర్చుకుని, మళ్లీ వెళ్లేవాళ్లు. మా బ్యాంకులో త్రైమాసిక సమీక్ష అని పిలిచేది అదే పని. తేడా ఏమిటంటే, మా సమీక్షకు మేం వణుకుతూ వెళ్లేవాళ్లం. వాళ్లు కుటుంబమంతా కలిసి పండక్కి వచ్చినట్టు వచ్చేవాళ్లు.

తర్వాత 1876 నుంచి 78 దాకా ధాతు కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ఎండిపోయింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా నడుస్తోంది. క్లౌ దొర చిన్నప్పుడు అమెరికాలో సర్వేయింగ్ నేర్చుకున్నవాడు. ఆయన కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన జనానికి అక్కడ కూలీ సరిగా చేతికందింది, తిట్లూ దెబ్బలూ లేవు. సాయంత్రం వేళ బోధకులు వాక్యం చెప్పారు. జనం విన్నారు, బాప్తిస్మం ఇమ్మన్నారు.

ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలు ఇవ్వలేదు.

మీలో పరిచర్య చేసేవాళ్లు ఒక్క క్షణం ఆ చోట నిలబడి చూడండి. వేలమంది వచ్చి అడుగుతున్నారు. అమెరికాలో చందాలు ఇచ్చేవాళ్లు ఉత్తరాలు చదవడానికి ఎదురుచూస్తున్నారు. ఈ తెలుగు మిషన్‌ను మూసేయాలని వాళ్లు ఒకప్పుడు పదేపదే చర్చించారు కూడా. ఒక్క అంకె రాసి పంపితే అన్ని నోళ్లూ మూతపడతాయి. అయినా ఆగాడు. కూలీ డబ్బు తన చేతి మీదుగా వెళ్తున్నంత కాలం ఎవరు కూటికి వస్తున్నారో, ఎవరు ప్రభువు కోసం వస్తున్నారో తేల్చలేననుకున్నాడు. ఈ ఒక్క నిర్ణయం ముందు నేను చదివిన వ్యాపార పాఠాలన్నీ చిన్నబోతాయి.

1878లో కరువు పనులు ముగిశాయి, డబ్బు పంపకం ఆగింది. ఇంక సాయం లేదు, మీ పల్లెలకు వెళ్లండి అని చెప్పినా జనం వచ్చారు. సాయం వద్దన్నారు. చేతులకు కాసిన బొబ్బలు చూపించి, కష్టపడి బతుకుతాం, వచ్చే పంట పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామన్నారని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడారు. ప్రతి బోధకుడూ తన పల్లెల వాళ్లను వేరుగా కూర్చోబెట్టి విచారించాడు. తెలిసినవాళ్లు కాబట్టి విచారించగలిగారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. మూడు రోజులకు 3,536. ఆ ఏడాది ముగిసేసరికి 9,606.

ఆ 2,222 అంకె మన పిల్లలకు సండే స్కూల్లో నేర్పుతాం. దాని వెనకున్న పదిహేను నెలల సున్నాను నేర్పం. నా మట్టుకు నాకు ఆ సున్నాయే పెద్ద అంకె.

ఇంకొక సంగతి. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు? అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు, అలిసిపోతే మరో ఇద్దరు. దొర ఒడ్డున ఉన్నాడు. ఆయన జీవితం మొత్తంలో అంత పెద్ద రోజు ఇంకోటి రాదు. ఫోటోల కాలంలో ఉన్న మనం దీన్ని కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు అమెరికా వెళ్దాం, ఎందుకంటే మన యువ పాస్టర్లు ఫోన్లలో వింటున్నది అక్కడి మాటలే. పీటర్ డ్రక్కర్ అని వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆచార్యుడు ఉండేవాడు. పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలిచ్చినవాడు. చివరి కాలంలో ఆయన ఆసుపత్రుల మీద, సేవా సంస్థల మీద, సంఘాల మీద చాలా శ్రద్ధ పెట్టాడు. ఇలాంటి సంస్థ తయారు చేసే సరుకు మారిన మనిషి అని ఆయన అభిప్రాయం. ఇది మంచి మాట, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. మన పని ఏమిటి, ఎవరి కోసం, వాళ్లు దేన్ని విలువగా చూస్తారు, ఫలితం ఏమిటి, ప్రణాళిక ఏమిటి అని ఐదు ప్రశ్నలు వేసుకోమన్నాడు.

చికాగో దగ్గర విల్లో క్రీక్ అనే సంఘం 1975లో ఒక సినిమా హాల్లో మొదలైంది. వాళ్ల పాస్టరు ఇంటింటికీ తిరిగి, మీరు చర్చికి ఎందుకు రారు అని అడిగి, ఆ జవాబులను బట్టి ఆరాధన తీరు మార్చాడు. డ్రక్కర్ ప్రశ్నల్లాంటివే ఆ పాస్టరు గది బయట గోడకు ఉండేవి. వారానికి ఇరవై వేలమంది వచ్చేంత పెరిగింది. అప్పుడు వాళ్లు ఒక మంచి పని చేశారు. తమ కార్యక్రమాలు మనుషుల్ని నిజంగా ఎదిగిస్తున్నాయా అని తమ సభ్యుల్నే అడిగి సర్వే చేశారు. 2007లో ఫలితాలు బయటపెట్టారు. కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన దేవుని మీద, పొరుగువాని మీద ప్రేమ పెరుగుతుందని చెప్పలేమని తేలింది. మేం పొరపాటు చేశామని నాయకులు బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ధైర్యానికి నేను గౌరవం ఇస్తాను. ఎందుకంటే హాజరు అంకె గొప్పగా ఉన్నప్పుడు ఇంకో అంకె వెతకాలని ఎవరికీ బుద్ధి పుట్టదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2018లో ఆ స్థాపక పాస్టరు మీద స్త్రీలు ఆరోపణలు చేశారు. ఆయన తప్పుకున్నాడు. ఆరోపణలను సరిగా విచారించలేకపోయామని ఒప్పుకుని ఆ ఏడాది ఆగస్టులో పెద్దల మండలి మొత్తం రాజీనామా చేసింది. ఆ సంఘంలో ప్రణాళికకు కొదవ లేదు. నాయకత్వం మీద లోకమంతా వినే సదస్సులు నడిపినవాళ్లు. సణుగుతున్నవాళ్ల మాట వినడం దగ్గర పడిపోయారు. అంటే మళ్లీ ఆరో అధ్యాయానికే వచ్చాం.

మన దగ్గర ఆ జబ్బు ఇంకో రూపంలో ఉంది. నేను పేర్లు చెప్పను, చెప్పకూడదు కూడా. నాకు బాగా తెలిసిన ఒక స్వతంత్ర సంఘం. పాస్టరుగారు నిజాయితీపరుడు, తన రక్తం ధారపోసి కట్టాడు. స్థలం ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయన పేరు మీద. ఎందుకంటే మొదట్లో ఉన్నది ఆయన ఒక్కడే. ఆయన్ను ఎవరూ అనుమానించలేదు, అనుమానించాల్సిన పనీ లేదు. ఆయన అకస్మాత్తుగా పోయారు. చట్టం దృష్టిలో అది ఆయన సొంత ఆస్తి. వారసులకు వెళ్లింది. ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు. కూలి డబ్బులో రూపాయి రూపాయి తీసి ఇటుకలకు ఇచ్చిన అక్కలు ఇప్పుడు పక్క సందులో ఒక రేకుల షెడ్డు కింద ఆరాధన చేసుకుంటున్నారు. ఆ ఖాతా నేను పనిచేసిన బ్రాంచిలోనే ఉండేది. ఆయన బతికుండగా ఒక్క మాట చెప్పి ఉంటే వినేవారు. ఖాతాదారుడి వ్యవహారం మనకెందుకని ఊరుకున్నాను. ఆ మౌనం నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది. ఇవాళ మీ ముందు నిలబడడానికి కారణం అదే.

దీనికి మందు పెద్ద వ్యూహం కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లో వచ్చింది. కనీసం ఏడుగురు సభ్యులుంటే సొసైటీ నమోదు చేసుకోవచ్చు. ఏడుగురు, మళ్లీ అదే సంఖ్య. స్థలం, ఖాతా సొసైటీ పేరు మీదకు మార్చండి. ఖాతాకు కనీసం ఇద్దరి సంతకాలు పెట్టించండి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి జమాఖర్చులు చదవండి. పాస్టరుగారి మీద నమ్మకం లేక ఇది చేస్తున్నామని ఎవరైనా అంటే, ఆయన కుటుంబాన్ని రేపటి కోర్టుల నుంచి కాపాడటానికి చేస్తున్నామని చెప్పండి.

చివరగా విదేశీ డబ్బు. హెన్రీ వెన్ అని ఒకాయన 1841లో ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శి అయ్యాడు. అదే ఏడాది ఆ సొసైటీ మనుషులు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. వెన్ చెప్పిన సిద్ధాంతం మూడు ముక్కలు. సంఘం తన ఖర్చు తాను పెట్టుకోవాలి, తన్ను తాను పాలించుకోవాలి, తానే సువార్త చెప్పాలి. అది జరిగిన రోజు మిషన్ హాయిగా చచ్చిపోవాలి అన్నాడు. తన సంస్థ ముగింపును గెలుపుగా రాసుకున్న కార్యదర్శి! ఏ కంపెనీ అధిపతీ అలా రాయడు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆ దారిలోనే నడిచారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన. తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. బాప్తిస్మం పొందినవాళ్లను తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని పలికించేవారు. కూలికి వెళ్లే అమ్మ కూడా ఆ మాటతో పనివారాలైంది. జీతం ఇచ్చి పెట్టుకునే పనివాళ్లు చేసేంత పని ఆమె చేసింది.

మనం ఆ దారి వదిలేసి చాలా దూరం వచ్చేశాం. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించారు. కార్యాలయ ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గింది. ఒక సంస్థ తీసుకున్న విరాళం ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. డబ్బు ముందుగా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. దాంతో పెద్ద సంస్థ దగ్గర నెలకు ఇంత అని తీసుకునే పల్లె పాస్టర్ల పరిస్థితి ఏమైందో ఇక్కడున్నవాళ్లలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే వేదిక మీద చేద్దాం. నేను అడిగేది, ఆ డబ్బు ఆగిన నెలలో మీ సంఘంలో ఏది నిలబడింది అని.

మా కింద ఒక పల్లెలో నిలబడింది. అక్కడ స్త్రీల సమాజం వాళ్లు మా అమ్మమ్మల కాలం నాటి పద్ధతి మళ్లీ పట్టుకున్నారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం. శనివారం సాయంత్రం డబ్బాలన్నీ ఒక గోనెలో పోస్తారు. నలభై ఇళ్లు. నెలకు రెండు బస్తాలకు కాస్త తక్కువ వస్తున్నాయి. ఒక బస్తా పాస్టరుగారి ఇంటికి, మిగతాది ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు. వాళ్లలో సంఘంలో లేనివాళ్లు కూడా ఉన్నారు. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ పుస్తకం తెచ్చి చూపించింది. అక్షరాలు రావు కాబట్టి ఇంటికొక గీత గీస్తుంది. ఏ వారం ఏ ఇంటి గీత లేదో చూసి, ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్తుంది. బియ్యం అడగడానికి కాదంట. "బియ్యం వెయ్యలేదంటే ఆ ఇంట్లో ఏదో అయిందని అర్థం అయ్యా" అంది.

నా ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో లెక్కల పుస్తకాన్ని ఇంత చక్కగా వాడినవాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు భోజనానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మీ కుర్చీల మీద తెల్ల కాగితాలు పెట్టించాను. మూడు సంగతులు రాయండి. మీ సంఘం స్థలం, ఖాతా ఎవరి పేరు మీద ఉన్నాయి. పోయిన ఏడాది మీ సంఘంలో సణిగినవాళ్లు ఎవరు, వాళ్ల చేతికి మీరు ఏం అప్పజెప్పారు. మీ దగ్గర మంచి అంకెలు తెస్తున్న పని ఏదైనా ఉండి, దాన్ని ఆపాలని మీ మనసు చెబుతుంటే అది ఏది. పాస్టర్లు ఒక వైపు, పెద్దలు ఒక వైపు కూర్చోండి. ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాసి, తర్వాత ఒకే సంఘంవాళ్లు కలిసి పోల్చుకోండి. పెన్నులు లేనివాళ్లకు ఆ కిటికీ పక్క బల్ల మీద ఉన్నాయి.